కోతులు ఆడవాళ్ళ దగ్గరే ఎక్కువ లాక్కుంటాయా? జంతువును చూసేటప్పుడు మన కన్ను చేసే పొరపాట్లు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందు నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకో. నువ్వు కర్నూలులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నావు. ప్రాజెక్టు కోసం మూడు నెలలపాటు శని, ఆదివారాల్లో అహోబిలం మెట్ల దారిలో కూర్చుని కోతుల్ని గమనించావు. భక్తుల చేతుల్లోంచి అరటిపండో కొబ్బరిచిప్పో కవరో లాక్కున్నప్పుడల్లా నోట్‌బుక్‌లో రాసుకున్నావు. ఎక్కువసార్లు ఆడవాళ్ళ దగ్గర, పిల్లల దగ్గర లాక్కున్నట్టు తేలింది. సెమినార్‌లో ఆ మాట చెప్పగానే మీ మేడమ్ "ఇది కోతుల ప్రవర్తనా, నీ అంచనానా?" అని అడిగారు. నీకు జవాబు తోచలేదు. మూడు నెలల పని వృథా అయిందేమో అని టెన్షన్ పడుతున్నావు.

వృథా కాలేదు. ఎందుకో చివర్లో చెబుతాను. మేడమ్ అడిగింది మాత్రం ఈ శాస్త్రంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. నేను ఇరవై ఏళ్ళకు పైగా రాయలసీమ గడ్డిబీళ్ళలో, నల్లమల అంచుల్లో జంతువుల్ని చూస్తూ తిరుగుతున్నాను. అదే ప్రశ్న నాకు నేను వేసుకోకుండా ఇవాళ్టికీ నోట్‌బుక్ తెరవను.

ముందు నీ నోట్‌బుక్‌లో లేనివాళ్ళ గురించి మాట్లాడదాం. కోతి ఎవరి దగ్గర లాక్కుందో రాశావు. ఎవరి దగ్గర లాక్కోలేదో రాయలేదు. ఒక ఆదివారం ఆ మెట్ల మీద వెయ్యి మంది నడిచారనుకో. అందులో 600 మంది ఆడవాళ్ళు, పిల్లలు. 400 మంది మగవాళ్ళు. కోతులు 30 సార్లు లాక్కున్నాయి, అందులో 18 సార్లు ఆడవాళ్ళ దగ్గర, పిల్లల దగ్గర. నోట్‌బుక్ చూస్తే 18 ఎక్కువ, 12 తక్కువ. కానీ 600కి 18 అంటే నూటికి మూడు. 400కి 12 అన్నా నూటికి మూడే. కోతి ఏ తేడా చూపలేదు, మెట్లెక్కినవాళ్ళలోనే ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కువ. ఇవి నేను వేసుకున్న అంకెలు, నీ గుడి దగ్గర నిజం వేరే ఉండొచ్చు. అయితే ఆ నిజమేదో నీ దగ్గరున్న డేటాతో తెలియదు.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. మన వైపు గుడికి వెళ్ళేటప్పుడు కొబ్బరికాయ బుట్ట, పూల కవరు ఎవరు పట్టుకుంటారు? చాలాసార్లు ఆడవాళ్ళే. పిల్లల చేతిలో ఏదో ఒక తినుబండారం ఉంటుంది. కాబట్టి కోతి చీరను చూసి వచ్చిందా, బుట్టను చూసి వచ్చిందా అన్నది విడదీయాలి. బుట్ట పట్టుకున్న మగవాళ్ళు, ఖాళీ చేతుల్తో నడిచే ఆడవాళ్ళు కూడా లెక్కలోకి వస్తేనే అది తేలుతుంది.

రెండో సంగతి. నువ్వు తల ఎత్తి చూసేలా చేసింది ఏది? ఒక పాప కెవ్వుమంటే మెట్ల మీద అందరూ తిరిగి చూస్తారు, నువ్వూ చూస్తావు. ఒక పెద్దాయన చేతిలోంచి అరటిపండు పోతే "పోతే పోయిందిలే" అనుకుని నడిచిపోతాడు, నీ చెవికి ఏమీ వినబడదు. కంటికి కొట్టొచ్చినట్టు కనబడినవన్నీ రాసుకోవడాన్ని యాడ్ లిబిటమ్ పద్ధతి అంటారు. కెన్యాలోని అంబోసెలీలో బబూన్ కోతుల మీద పనిచేసిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ పద్ధతులన్నిటినీ తూకం వేసి ఒక వ్యాసం రాసింది. యాడ్ లిబిటమ్ రాతలతో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చకూడదని అందులో స్పష్టంగా వివరించింది. గొడవలు, అరుపులు ఎక్కువగా నోట్‌బుక్‌లోకి ఎక్కుతాయి, నిశ్శబ్దంగా జరిగేవి జారిపోతాయి. దానికి బదులు రెండు దారులున్నాయి. ఒకటి ఫోకల్: ముందుగా చీటీ తీసి ఒక కోతిని ఎంచుకుని, పది నిమిషాలు దాన్ని తప్ప ఇంకేదీ చూడకుండా అది చేసిందంతా రాయడం. ఇంకొకటి స్కాన్: ప్రతి ఐదు నిమిషాలకు అలారం పెట్టుకుని, ఆ క్షణంలో కనబడే ప్రతి కోతీ ఏం చేస్తోందో ఎడమ నుంచి కుడికి వరుసగా రాసుకుంటూ పోవడం. లాక్కోవడం లాంటి అరుదైన పనికి స్కాన్ అంతగా కుదరదు, రెండు అలారాల మధ్య జరిగిపోతుంది. నీకు ఇంకో పద్ధతి సరిపోతుంది. అది తర్వాత చెబుతాను.

మూడోది లోతైనది, మేడమ్ మనసులో ఉన్నది ఇదే అనుకుంటున్నాను. కోతి కవరు పట్టుకుంది, మనిషి విదిలించాడు, కోతి వదిలేసింది. ఇది లాక్కోవడమా కాదా? నువ్వు ముందే రాసిపెట్టుకోకపోతే ఆ క్షణంలో నీ మనసు నిర్ణయిస్తుంది. ఎదురుగా ఉన్నది ఆడమనిషైతే "లాక్కోబోయింది" అని లెక్కలో వేస్తుంది, మగవాడైతే "ఏదో తాకింది" అని వదిలేస్తుంది. నువ్వు అబద్ధం రాయలేదు. నీకు అలాగే కనబడింది.

ఇది ఎంత బలమైనదో పరీక్షించి చూశారు. 1963లో రాబర్ట్ రోసెంతాల్, కెర్మిట్ ఫోడ్ అనే ఇద్దరు 12 మంది విద్యార్థులకు ఎలుకలిచ్చి, దారి నేర్పించమన్నారు. సగం మందితో ఇవి తెలివైన జాతివి అని, మిగతా సగం మందితో ఇవి మందబుద్ధివి అని చెప్పారు. నిజానికి అన్నీ ఒకే రకం ఎలుకలు. అయినా తెలివైనవని చెప్పి ఇచ్చిన ఎలుకలే బాగా నేర్చుకున్నట్టు లెక్కలు వచ్చాయి. ఆ విద్యార్థులు ఎలుకల్ని పట్టుకున్న తీరు కూడా మారి ఉండొచ్చు కాబట్టి అక్కడ చూపు ఎంత, చెయ్యి ఎంత అన్నది కలగలిసిపోయింది. 2014లో టాయ్‌టెన్స్ బృందం బెల్జియంలో చేసిన పని ఇంకా సూటిగా ఉంటుంది. ఒకే వీడియోను విద్యార్థులకు రెండుసార్లు చూపించి, రెండోసారి వేరే సమాచారం చెప్పారు. కోళ్ళ వీడియోకు ఒకసారి ఇవి సేంద్రియ ఫారంలోవి అని, ఇంకోసారి మామూలు ఫారంలోవి అని. పశువులు రొప్పుతున్న వీడియోకు ఒకసారి ఉష్ణోగ్రత ఎక్కువని, ఇంకోసారి తక్కువని. తెర మీద బొమ్మ మారలేదు, వేసిన మార్కులు మారాయి. వీడియోకు చెయ్యి ఉండదు, ఎలుకను గట్టిగానో మెత్తగానో పట్టుకునే అవకాశం లేదు. మారింది చూపు ఒక్కటే.

నాకు ఇది రోళ్ళపాడులో అనుభవమైంది. నందికొట్కూరు దగ్గర, అప్పటి కర్నూలు జిల్లాలో, బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రకటించిన అభయారణ్యం అది. అక్కడ నేను కృష్ణజింకల అప్రమత్తత మీద పనిచేశాను. రోడ్డు దగ్గర మేసే జింకలు లోపల మేసేవాటికంటే ఎక్కువసార్లు తల ఎత్తి చుట్టూ చూస్తాయని నా అంచనా. బైనాక్యులర్‌తో చూసి రాసుకున్న లెక్క నా అంచనాను గట్టిగా బలపరిచింది. సంతోషపడ్డాను. అప్పుడు ఒక మిత్రుడు నా వీడియోలన్నీ తీసుకుని, వెనకాల రోడ్డు గానీ కంచె గానీ కనబడకుండా జింక చుట్టూ కత్తిరించి, ఫైళ్ళకు పిచ్చి నంబర్లు పెట్టి, వరుస కలిపేసి తిరిగిచ్చాడు. ఏది రోడ్డు పక్కదో ఏది లోపలిదో తెలియకుండా మళ్ళీ మొదటినుంచి లెక్క వేశాను. తేడా ఉంది గానీ సగానికి పైగా కరిగిపోయింది. కరిగిన ఆ సగం ఎక్కడినుంచి వచ్చిందా అని రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని ఒక వారం కూర్చున్నాను. జింక తల సగం ఎత్తి నెమరు వేస్తూ నిలబడిన క్షణాలున్నాయి. అవి రోడ్డు పక్కన జరిగితే "చూస్తోంది" అని రాశాను, లోపల జరిగితే "నెమరేస్తోంది" అని రాశాను. అదే భంగిమ, అదే మెడ. ఆ రోజు నుంచి నా నిర్వచనం "ముక్కు భుజం గీత కన్నా పైన, దవడ కదలడం లేదు" అని మారింది. మెడ ఎత్తును, దవడను కంటితో కొలవొచ్చు. "అప్రమత్తంగా ఉంది" అన్నదాన్ని కొలవలేం.

ఇక నీ పనికి వద్దాం. మళ్ళీ మెట్ల మీద కూర్చునే ముందు ఒక పేజీ రాసుకో. లాక్కోవడం అంటే ఏమిటి: కోతి చెయ్యి లేదా నోరు వస్తువును తాకాలి, ఆ వస్తువు మనిషి చేతి నుంచి పూర్తిగా విడిపోవాలి. తాకి వదిలేసింది వేరే గడి. పళ్ళు చూపించి బెదిరించింది వేరే గడి. మనిషి తానే ఇచ్చింది ఇంకో గడి. ఇలా ప్రతి ప్రవర్తనకూ నిర్వచనం రాసిన జాబితాను ఎథోగ్రామ్ అంటారు. అది కొత్తవాడికి ఇస్తే, నిన్ను అడగకుండా రాయగలగాలి. ఈ పేజీ మీద తేదీ వేసి మేడమ్‌తో సంతకం పెట్టించుకో. డేటా వచ్చాక నిర్వచనం మార్చాలనిపిస్తే మార్చు గానీ, మార్చానని రిపోర్టులో రాయాలి.

తర్వాత, మెట్ల మీద ఒక గీత అనుకో, ఉదాహరణకు ఒక మండపం స్తంభం. ఒక స్నేహితుణ్ణి అక్కడ కూర్చోబెట్టి ఆ గీత దాటే ప్రతి మనిషినీ లెక్కపెట్టమను: ఆడ, మగ, పిల్లలు, చేతిలో కనబడే తిండి ఉందా లేదా. ఇంకో స్నేహితుడు పైమెట్టు దగ్గర లాక్కోవడాలు మాత్రమే రాయాలి. ఇందాక తర్వాత చెబుతానన్న పద్ధతి ఇదే: మెట్ల ఒక భాగం మొత్తం మీద కన్నువేసి ఫలానా పని జరిగిన ప్రతిసారీ రాయడం. కెమెరా స్టాండు మీద పెట్టి రికార్డు చేస్తే ఇంకా మంచిది, అరుపులకు తల తిప్పడం అనే గొడవే ఉండదు. ఆ ఇద్దరికీ నీ అంచనా చెప్పొద్దు. "కోతులు, మనుషులు ఎలా కలిసి తిరుగుతున్నారో చూస్తున్నాం" అంటే చాలు. అది అబద్ధం కాదు.

నేను జింకల వీడియోలతో చేసినట్టు ఏది ఏ రకమో తెలియకుండా గుడ్డిగా లెక్క వేయడాన్ని బ్లైండ్ పద్ధతి అంటారు. అది నీ ప్రశ్నకు పూర్తిగా కుదరదు. వీడియోలో ఆడమనిషో మగమనిషో కనబడుతూనే ఉంటుంది. దాన్ని దాచలేనప్పుడు దాచలేదని రాయాలి, మిగతా తలుపులన్నీ మూయాలి. వీడియో చూసేటప్పుడు సౌండ్ తీసేయి. తేదీలు కలిపేయి. జాతర రోజు ఏది, మామూలు రోజు ఏది అన్నది లెక్క వేసేవాడికి తెలియనివ్వకు. ఈ విషయంలో నువ్వొక్కడివే వెనకబడి లేవు. ఐదు పేరున్న పత్రికల్లో 1970 నుంచి 2010 దాకా వచ్చిన జంతు ప్రవర్తన వ్యాసాల్ని బర్గార్ట్, ఆయన సహచరులు పరిశీలిస్తే, బ్లైండ్‌గా చేశామని రాసినవి పది శాతం కూడా లేవు. అది 2012లో అచ్చయింది. నువ్వు ఎమ్మెస్సీలోనే మొదలుపెడితే ఎంతోమంది పెద్దవాళ్ళు చేయని పని చేసినట్టు.

ఇద్దరు ఒకే వీడియో విడివిడిగా లెక్క వేయాలి, తర్వాత పోల్చాలి. ఇక్కడ చాలామంది "మా ఇద్దరికీ 88 శాతం కలిసింది" అని రాసి ఊరుకుంటారు. అది చాలదు. వంద క్షణాలు చూశారనుకో. ఇద్దరూ "ఊరికే కూర్చుంది" అన్నవి 85. ఇద్దరూ "మనిషి వైపు చూస్తోంది" అన్నవి 3. మిగతా 12లో ఆరు చోట్ల మొదటివాడు "చూస్తోంది" అంటే రెండోవాడు "కూర్చుంది" అన్నాడు, ఇంకో ఆరు చోట్ల అటుది ఇటు అయింది. కలిసింది 88 శాతం, నిజమే. కానీ ఒక్కొక్కరు 91 సార్లు "కూర్చుంది" అన్నారు కాబట్టి కళ్ళు మూసుకుని రాసినా దాదాపు 84 శాతం కలిసేది. ఆ ఊరికే కలిసేదాన్ని తీసేసి లెక్క కడితే వచ్చే కోహెన్ కప్పా ఇక్కడ 0.27 మాత్రమే. నీకు కావలసిన "చూస్తోంది" అన్న గడిలో మీ ఇద్దరికీ పెద్దగా పొత్తు కుదరలేదన్నమాట. అప్పుడు డేటా సేకరణ ఆపి, నిర్వచనం బాగుచేసుకుని, మళ్ళీ ప్రాక్టీసు చేయాలి.

కోతుల్ని గుర్తుపట్టడం కూడా నేర్చుకో. చెవి చిరుగు, తోక వంపు, ముఖం మీద మచ్చ. ఒకే గడుసు మగకోతి నలభై సార్లు లాక్కుంటే అది నలభై కోతుల సంగతి కాదు, ఒక్క కోతి అలవాటు. గుర్తుపట్టడానికి పేర్లు పెడతావు, పెట్టు. జేన్ గూడాల్ చింపాంజీలకు నంబర్లు కాకుండా పేర్లు పెట్టిందని ఆ రోజుల్లో తప్పుపట్టారు, పేరు వల్ల ఆమె పని చెడిపోలేదు. కానీ "రౌడీ", "దొంగోడు" లాంటి పేర్లు వద్దు. రౌడీ అని పిలిచిన కోతి పక్కదాన్ని తోస్తే దాడి అని రాస్తావు, "చిన్నమ్మ" అని పిలిచినది తోస్తే ఆట అని రాస్తావు. రాసే మాటలకూ ఇదే. "పగబట్టింది", "సిగ్గుపడింది", "ఆడవాళ్ళంటే భయం లేదు" ఇవన్నీ ముగింపులు. "రెండడుగుల దూరంలోకి వచ్చి మనిషి ముఖం చూసింది" అన్నది గమనిక. కుక్క తప్పు చేసి తలదించుకుందని ఇళ్ళలో అంటుంటాం కదా. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కల మీద చూస్తే, తలదించుకునే ఆ ముఖం కుక్క నిజంగా తిండి దొంగిలించిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు. యజమాని తిట్టడాన్ని బట్టి వచ్చింది. అలాగని జంతువుకు మనసే లేదని ముందే తీర్మానించుకుని కూర్చోవడం కూడా పక్షపాతమే. రెండువైపులా తలుపు తెరిచి ఉంచాలి.

నీ ఉనికి గురించి ఒక మాట. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేసి గిట్టతో జవాబు తట్టేది. యజమాని వాన్ ఓస్టెన్ మోసగాడు కాడు, నిజంగానే నమ్మాడు. 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ తేల్చిందేమిటంటే, అడిగేవాడికి జవాబు తెలిస్తేనే గుర్రానికి తెలిసేది. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగేవాడి తల అతనికే తెలియకుండా కొద్దిగా కదిలేది, గుర్రం అది చూసి ఆగేది. అహోబిలం కోతులు మనిషి చేతుల్ని చూసి బతుకుతున్నాయి. నువ్వు కవరు పట్టుకుని కూర్చున్నా, లాక్కోబోతున్న కోతి వైపు ఆత్రంగా ముందుకు వంగినా వాటికి తెలుస్తుంది. మొదటి రెండు వారాంతాలు డేటా తీయకుండా ఊరికే కూర్చో, ఒకే రంగు చొక్కాతో, ఖాళీ చేతులతో. నిన్ను పట్టించుకోవడం మానేశాక మొదలుపెట్టు.

ఎప్పుడు చూస్తున్నాం అన్నది కూడా పక్షపాతమే. కడప జిల్లాలోని కలివికోడి అనే అరుదైన పిట్ట కథ నీకు తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్ళీ దొరికింది, దొరికింది రాత్రిపూట. ఐతన్న అనే స్థానిక వేటగాడు టార్చి వెలుతురులో పట్టుకున్నాడు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ ఆ ఊళ్ళవాళ్ళకు బొమ్మ చూపించి, ఆ పిట్ట ఎప్పుడు తిరుగుతుందో తెలిసినవాళ్ళ మాట విన్నాడు. అది రాత్రి తిరిగే పిట్ట. తర్వాత వచ్చిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే అడుగుల గుర్తులు చూసి, కెమెరాలతో సరిపోల్చుకుని అది ఎక్కడ తిరుగుతోందో పట్టుకున్నారు. మట్టికి అంచనాలుండవు. నువ్వు శని, ఆదివారాలు మాత్రమే చూశావు, రద్దీ రోజులవి. మంగళవారం మధ్యాహ్నం గుడి ఖాళీగా ఉన్నప్పుడు కోతులు ఏం చేస్తాయో నీ డేటాకు తెలియదు. నాలుగు మామూలు రోజులైనా కలుపు.

ఇంత జాగ్రత్తా అంచనాలు తప్పని నిరూపించడానికే అనుకోకు. దాని అసలు ఫలం వేరు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో రాఘవేంద్ర గడగ్కర్ రోపాలిడియా మార్జినేటా అనే కందిరీగల మీద పనిచేశాడు. అలాంటి కందిరీగల గూళ్ళలో రాణి అంటే అందరినీ అదిలించేది అన్నది అప్పటి అవగాహన. ఒక్కొక్క రీగకూ రంగు చుక్క పెట్టి, ఏది ఎంతసేపు ఏం చేస్తోందో ఓపిగ్గా లెక్కపెట్టారు. 1983లో అచ్చయిన ఆ లెక్కలో రీగలు మూడు గుంపులుగా విడిపోయాయి: కూర్చునేవి, పోట్లాడేవి, తిండి తెచ్చేవి. రాణి పోట్లాడే గుంపులో లేదు, కూర్చునే గుంపులో ఉంది. అంచనా ప్రకారం చూసి ఉంటే అత్యంత కోపిష్టి రీగకు రాణి అని పేరు పెట్టి ఊరుకునేవాళ్ళు, ఆ సాధువైన రాణి గూటిని ఎలా నడుపుతోంది అన్న ప్రశ్న పుట్టేదే కాదు. ఆ ప్రశ్న మీద దశాబ్దాల పని జరిగింది.

ఇక నీ పాత నోట్‌బుక్. పారేయొద్దు, దిద్దొద్దు. అది నీ పైలట్ స్టడీ, అంటే అసలు పనికి ముందు చేసి చూసుకునే చిన్న ప్రయత్నం. ఏ సమయంలో లాక్కోవడాలు ఎక్కువ, ఏ మెట్టు దగ్గర ఎక్కువ, రోజుకు ఎన్ని జరుగుతాయి అన్నది దాంట్లోంచి తీసి, కొత్త డేటాకు ఎన్ని రోజులు కావాలో లెక్క వేసుకో. రిపోర్టులో ఒక అధ్యాయంగా పెట్టి, "ఈ పద్ధతిలో ఈ లోపాలున్నాయి, అందుకే ఇలా మార్చాం" అని రాయి. మేడమ్ దానికి మార్కులు తగ్గించరని నా నమ్మకం. ఆ దారి కొంత అటవీశాఖ కింద ఉంటుంది కాబట్టి, కెమెరా పెట్టే ముందు వాళ్ళ అనుమతి, దేవస్థానం అనుమతి రెండూ కాగితం మీద తీసుకో.

ఫలితం ఎటు వచ్చినా రాయి. పాత లెక్కతోనే ఆగిపోతే ఎవరో ఒకరు దాన్ని చదివి "ఆడవాళ్ళు, పిల్లలు జాగ్రత్త" అని బోర్డు పెడతారు, కోతులు మాత్రం బుట్టల కోసం వస్తూనే ఉంటాయి. కొత్త లెక్కలో కనబడే తిండే కారణమని తేలితే, మెట్ల మొదట్లోనే మూత ఉన్న సంచుల్లో పెట్టుకోమని చెప్పొచ్చు. అది మనుషులకూ మంచిది, కర్రదెబ్బలు తినే ఆ కోతులకూ మంచిది. ఎథోగ్రామ్ పేజీ రాశాక నాకు పంపు. ఏ నిర్వచనం దగ్గర ఇద్దరు మనుషులు తేడా పడతారో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.